బిభా నక్షత్రము – సంతమస గ్రహము

ఒక వీధికి పేరు పెట్టుటకే పంచాయతీలో ఎంత చర్చ జరుగునో సభ్యులకు తెలియును. 2019లో మన దేశమునకు ఒక నక్షత్రమునకు, దాని గ్రహమునకు పేర్లు పెట్టు అవకాశము లభించినది. అంతర్జాతీయ ఖగోళ సంఘము తన నూరేండ్ల పండుగకు పలు దేశముల కట్టి అవకాశము నొసగినది. మన విద్యార్థులు సూచించిన పేర్లే నిలిచినవి.

సింహరాశికి దక్షిణముననున్న ఈ నక్షత్రము వట్టి కంటికి కానరాదు. దాని వెలుగు మనలను చేరుటకు మూడువందల ఏండ్లకు పైగా పట్టును. ఇక గ్రహమును దూరదర్శినితోనైనను ఎవరును చూడలేదు. మరి ఉన్నదని ఎట్లు నమ్ముటయని మీరు మమ్ము నడుగవచ్చును. బిడ్డను చేతులు పట్టి గిరగిర త్రిప్పు తండ్రి తానును కొంచెము ఊగును గదా! అట్లే గ్రహము లాగుటచే నక్షత్రము ఊగును. మనవైపు వచ్చునపుడు దాని కాంతి ఇంచుక నీలమువైపునకు, వెనుకకు పోవునపుడు ఎరుపువైపునకు జరుగును. ఈ మార్పు రెండు దినముల మూడు గంటలకొక తడవ మరల మరల కానవచ్చుచున్నది. అదియే అచ్చటి సంవత్సరము! గురునికంటె ఒకటిన్నర రెట్లు బరువైన గ్రహము, సూర్యునికి బుధుడున్న దూరములో పదియవ వంతునకు లోపలనే, కొలిమిలో వలె కాలుచు తిరుగుచున్నదని 2006లో తేల్చిరి.

సంతమసమనగా మన నిఘంటువులలో దట్టమైన చీకటి. పేరు పెట్టినవారు మబ్బు కమ్మినదను భావమున గ్రహించిరి. బిభా యనగా కాంతి. బిభా చౌధురి వంగదేశపు భౌతికశాస్త్రజ్ఞురాలు. డార్జిలింగు కొండలపై ఫొటో పలకల నుంచి, అంతరిక్షమునుండి వచ్చు కిరణముల జాడలను పరిశీలించిరి. 1991లో కన్నుమూయువరకు ఆమెకు తగిన గౌరవము దక్కలేదని మా అభిప్రాయము. ఇప్పుడు ఆమె పేరు ఖగోళ సంఘము వారి పట్టికలో నున్నది.