కుక్కపిల్ల – గూడు

కుక్క స్వభావముచేత మరుగైన చోటున పరుండ గోరును. ఇనుప కమ్ములతోగాని కొయ్యతోగాని చేసిన గూటికి కుక్కపిల్లను అలవాటు చేయుటకు ఈ స్వభావమే ఆధారము. అది లేచి నిలుచుటకును, వెనుకకు తిరుగుటకును, కాళ్లు చాచి పరుండుటకును గూడు చాలినంత యుండవలెను.

మొదట తలుపు తెరచియే యుంచి, లోపల మెత్తని గుడ్డ పరచి, ఆహారము నచ్చటనే పెట్టవలెను. ఒక ధ్వని వెంట ఆహారము వచ్చుట కలవాటుపడిన కుక్కకు, ఆ ధ్వని విన్నంతనే నోరూరునని రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ నిరూపించెను. అట్లే గూటిని చూచినంతనే కుక్కపిల్లకు సుఖము స్ఫురింపవలెను. బలవంతముగా లోనికి నెట్టినచో భయమే మిగులును.

అది తనంతట లోనికి పోవ నేర్చిన పిమ్మట తలుపును కొన్ని నిమిషములు మాత్రము మూసి, దినదినమును ఆ కాలమును పెంచవలెను. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకంటె నెక్కువసేపు మూత్రము నాపుకొనజాలదు. కావున అంతలోనే దానిని వెలుపలికి కొనిపోవలెను. తాను పరుండు చోటును మలినపరచుట దాని కిష్టము కాదు. గత్యంతరము లేక పలుమార్లు అట్లు చేసినచో ఆ శుచి గుణము నశించును.

కుక్కకు చెమట మిక్కిలి తక్కువ. రొప్పుటచేతనే అది వేడిమిని పోగొట్టుకొనును. గూటిని ఎండలో నుంచుట ప్రాణాపాయకరము.

తప్పు చేసినదని శిక్షగా దానిని గూటిలో బంధింపరాదు. అట్లు చేసిననాడు గూడు బోనగును. పలుదినముల శ్రమ వ్యర్థమగును. తలుపు తెరచియున్నను కుక్క తనంతట వచ్చి గూటిలో నిద్రించినచో, శిక్షణ సఫలమైనదని యెరుగవలెను.