వినువాని భాషలో మాట

కరీంనగరమునకు సమీపమున, గంగాధర మండలములోని కురిక్యాల యొద్ద, బొమ్మలగుట్ట యని యొక గుట్ట గలదు. వేములవాడ చాళుక్యుల కాలమున, క్రీ. శ. 945 ప్రాంతమున, పంపకవి తమ్ముడగు జినవల్లభుడు దానిపై శాసనమును చెక్కించెను. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును గలవు. తెలుగు భాగము కందపద్యములు. ఛందస్సు చరిత్ర వ్రాయువారు దాని నుదాహరింతురు. మాకు మాత్ర మందింకొక పాఠము గోచరించుచున్నది. అన్నగారు కన్నడ మహాకవి. ఆస్థానమున నాతని కావ్యమునకు గౌరవము మెండు. అయినను గుట్టక్రింది యూరివానికి తెలుగులేనిదే సంగతి చేరదని తమ్ముడెరిగి యుండెననుకొందుము.

వాక్చాతుర్యమును నేర్పు పుస్తకములు నేడు అంగళ్లలో విరివిగా దొరకుచున్నవి. చేయి యెట్లు కదల్పవలెనో, గొంతెక్కడ పెంచవలెనో వానిలో నుండును. వినువాడెవడను ప్రశ్నకు మాత్రము చోటు తక్కువ.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలయందు కర్వే పండితుని యధ్యక్షతను సంఘసంస్కరణ సభ జరిగెను. అందు ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప నారంభింపగా సభికులు గేలిచేసి మాట సాగనీయరైరి. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. తెలంగాణమున కవులు లేరను మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, 354 మంది కవులను లోకము నెదుట నిలిపిరి. తిట్టునకు తిట్టు వ్రాసియుండిన ఆ వారముతో తీరిపోయెడిది.

మా మనస్సునకు ముఖ్యముగా తోచునది 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ ఆంధ్ర మహాసభ. దాని యధ్యక్షులు మాడపాటి హనుమంతరావుగారు. వారు ఉర్దూ పారశీకములందు గట్టివారు. ముషీరె దక్కన్ పత్రికకు ఉర్దూలోనే వ్యాసములు వ్రాసినవారు. ప్రభుత్వముతో ప్రభుత్వము భాషలో, రైతుతో రైతు భాషలో మాటలాడగలుగుట వారి బలము. ఆ కాలమున అధికారి మకాము చేసిన యూర కుమ్మరి కుండలియ్యవలెను, మాదిగ చెప్పులియ్యవలెను, చాకలి పనిచేయవలెను, కూలి యడుగరాదు. అదియే వెట్టి. ఇది అన్యాయమని కేకవేయుట యెవరికైనను చేతనగును. సంఘమువా రట్లు చేయలేదు. వెట్టిని నిషేధించుచు సర్కారు తానే వెడలించిన ఉత్తర్వులను వెదకి తీసి, తెలుగున అచ్చొత్తించి గ్రామములలో పంచిరి. కోమటులకొరకు మాడపాటివారు 'వర్తక స్వాతంత్ర్యము' అను చిన్న పుస్తకమును వ్రాసిరి. కూలి యడుగుట తెగువ కాదు, హక్కే యని చాకలివానికి దానివలన తెలిసెను. కాదనదలచిన అధికారి తన ప్రభువు ఆజ్ఞనే కాదనవలసివచ్చెను. ఎదుటివా డిదివరకే యొప్పుకొన్న దానినుండి వాదము నారంభించుటకంటె మంచి యుపాయమును మేమెరుగము.

ఒక మాట చెప్పక తప్పదు. ఆ సభలలో ముందువరుసను గూర్చున్నవారు వకీళ్లు, వర్తకులు, భూస్వాములు. వెట్టి సాగుచున్న యిండ్లవారును వారిలో లేకపోలేదు. సర్కారును నిందించి చప్పట్లు పొందుట సులభము. చప్పట్లు కొట్టువాని యింటి తప్పును వానితోనే యొప్పించుట కష్టము. అందు మహాసభ కొంతవరకే నెగ్గినది. ఉత్తర్వు చేతికందినను దొర గడీలో వెట్టి నిలిచియే యుండెను. గాలిపల్లి బద్దం ఎల్లారెడ్డిగారివంటి వారికి విన్నపములపై నమ్మకము పోయినది.

ఆదిలాబాదు అడవులలో సంగతి మరియు కఠినము. 1940లో జోడెఘాటున కొమరం భీము పోలీసు తుపాకులకు నేలకూలెను. ఆ పిమ్మటనే నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ పండితునిచే గోండుల స్థితిని విచారింపజేసెను. 1943లో మార్లవాయి యందు గోండు ఉపాధ్యాయులకు శిక్షణాలయము వెలసెను. పిల్లలకు గోండీ వాచకములు సిద్ధమయ్యెను. తుపాకి ప్రేలినగాని సర్కారు చెవికి వినికిడి రాలేదన్నమాట.

నిజాము కాలపు గస్తీ నిషాను 53 సభకు ముందుగా అనుమతి కావలెననెను. ఆ గస్తీయు పోయినది, ఆ రాజ్యమును పోయినది. అయినను 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘము తలపెట్టిన సభకు అనుమతి లేదనిరి. వచ్చిన గోండులపై కాల్పులు జరిగెను. సర్కారు లెక్కలో మృతులు 13 మంది. అంతకు మిక్కిలి మందియని అక్కడివారు నేటికిని చెప్పుదురు. నోరు విప్పుటకే తావులేనిచోట వాక్చాతుర్య మేమి చేయగలదు?

తావున్నచోటనైన మనము దానిని చక్కగా వాడుకొనుచున్నామా? సోమవారము కలెక్టరు కచేరీలో ప్రజావాణికి వచ్చు అర్జీలను చూడుడు. సగము కాగితము దయ, ధర్మము, కాళ్లకు మ్రొక్కుటయు. సర్వే నంబరెంత, ఎన్ని గుంటలు, నోటీసు ఏ తేదీన వచ్చెను, ఏ ఉత్తర్వు ప్రకారము ఏమి కోరుచున్నాము అను నాలుగు పంక్తులుండవు. వ్రాసి పెట్టువానికి పుటకింత కూలి గనుక పుటలు పెరుగును, పని జరుగదు. అధికారి కన్నీటిని చదువడు, అంకెను చదువును. వేదికలపై మన పెద్దలకు దీనికి విరుద్ధమగు జబ్బు: అంకెలన్నియు వల్లించి, వినువాని పొలము పేరెత్తకయే దిగిపోవుదురు.

ఏజెన్సీ గ్రామములలో భూమి విషయమై గ్రామసభను సంప్రదించవలెనని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది. తీర్మానము తెలుగుననో ఆంగ్లముననో వ్రాయబడి, క్రింద వేలిముద్రలు పడిన కాగితము మన యెదుటికి వచ్చినపుడు, ముద్ర వేయకమునుపు దానిని గోండీలో చదివి వినిపించిరా యని మొదట అడుగవలెను. లేదనిన ఆ సభను మరల పిలువవలెను.