వెచ్చాలు ఎక్కడ కొనాలి? సొంతంగా వండుకునే కార్మిక సోదరులకు కొన్ని సూచనలు

సింగపూర్‌కు వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనవాళ్లలో చాలామందికి జీతం ఎంతో, ఏజెంటు కోసం చేసిన అప్పు ఎంతో, ఇంటికి ఎంత పంపాలో నోటి లెక్కగా తెలిసి ఉంటుంది. తిండికి నెలకు ఎంత అవుతోందని అడిగితే మాత్రం "ఏదో అవుతుందండీ" అంటారు. ఆ "ఏదో"లోనే మనకు తెలియకుండా నెలకు 30, 40 డాలర్లు పోతుంటాయి. డాలరు 65 రూపాయలని లెక్క వేసుకుంటే 40 డాలర్లంటే 2,600 రూపాయలు. ఊళ్లో చేసిన అప్పుకు నెల వడ్డీలో కొంతైనా దాంతో తీరుతుంది.

ఈ వ్యాసం డార్మిటరీలో గాని, కంపెనీ ఇచ్చిన గదుల్లో గాని సొంతంగా వండుకునేవారి కోసం. కంపెనీ తిండి తినేవారు చివరి భాగం చూడగలరు. ఒక మాట ముందే చెప్పాలి. ఆదా అంటే కడుపు మాడ్చుకోవడం కాదు. పొద్దున టీ, రొట్టె ముక్కతో సరిపెట్టుకుని ఎండలో పనికి వెళ్లి, ఎత్తు మీద పని చేస్తూ కళ్లు తిరిగితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. తినేది తగ్గించకుండా ఖర్చు తగ్గించుకోవచ్చు. అన్నీ ఒకే దుకాణంలో కొనకుండా, ఏది ఎక్కడ చవకో అక్కడ కొనడమే దానికి మార్గం.

ఒకే సరుకు, మూడు ధరలు

సింగపూర్ తినే ఆహారంలో 90 శాతానికి పైగా బయటి దేశాల నుంచే వస్తుంది. బియ్యం థాయిలాండ్, వియత్నాం, ఇండియాల నుంచి. కూరగాయలు చాలావరకు మలేషియా, చైనాల నుంచి. ఐసులో పెట్టిన కోడిమాంసం ఎక్కువగా బ్రెజిల్ నుంచి వస్తుంది. అందుకే అక్కడ ఏదైనా జరిగితే ఇక్కడ ధర కదులుతుంది. 2022 జూన్‌లో మలేషియా కోళ్ల ఎగుమతి ఆపినప్పుడు తాజా కోడి దొరకడమే కష్టమైంది. 2023 జూలైలో ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపింది, 2024 సెప్టెంబరులో మళ్లీ అనుమతించింది. పోయిన నెల చవకగా ఉన్న దుకాణం ఈ నెల కూడా చవకగానే ఉంటుందని అనుకోకండి.

మనకు అందుబాటులో ఉండేవి మూడు రకాల చోట్లు. మొదటిది డార్మిటరీలోని మినీమార్ట్. రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి తెరిచి ఉంటుంది, పది అడుగులు వేస్తే చాలు. ఆ సౌకర్యానికి ధర ఉంటుంది. ఉప్పు అయిపోతేనో, పాల ప్యాకెట్టు కావాలంటేనో వెళ్లండి. నెల సరుకులన్నీ అక్కడే కొనే ముందు మాత్రం ధరలు ఒకసారి బయట పోల్చి చూడండి.

రెండోది పెద్ద సూపర్ మార్కెట్లు. ఫెయిర్‌ప్రైస్, షెంగ్ సియోంగ్, జెయింట్ వంటివి దాదాపు ప్రతి టౌన్‌లోనూ ఉన్నాయి. ఫెయిర్‌ప్రైస్ ఇక్కడి కార్మిక సంఘాల సమాఖ్య ఎన్.టి.యు.సి. పెట్టిన సహకార సంస్థ. 1973లో ధరలు బాగా పెరిగి, వ్యాపారులు సరుకు దాస్తున్న రోజుల్లో, తోవా పాయోలో మొదటి దుకాణం తెరిచారు. షెంగ్ సియోంగ్ 1985లో మొదలైంది. బియ్యం, నూనె, పంచదార, గుడ్లు, నూడుల్స్, ఐసు కోడి, చేపలు ఇలాంటి చోట్ల చూసుకోవచ్చు. పేరున్న కంపెనీ సరుకు పక్కనే ఆ సూపర్ మార్కెట్ సొంత పేరుతో అమ్మే సరుకు ఉంటుంది. పంచదార, ఉప్పు, నూనె లాంటివాటికి ఆ సొంత బ్రాండే చాలు. టీవీలో ప్రకటన చూశామని ఎక్కువ పెట్టక్కర్లేదు.

మూడోది లిటిల్ ఇండియా. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, పోపు సామాను ఇక్కడ రకరకాలుగా దొరుకుతాయి. సయ్యద్ అల్వీ రోడ్డులో ముస్తఫా సెంటర్, సెరంగూన్ రోడ్డు, బఫెలో రోడ్డుల వెంట చిన్న దుకాణాలు, లిటిల్ ఇండియా ఎం.ఆర్.టి. స్టేషన్ పక్కనే టెక్కా సెంటర్ ఉన్నాయి. టెక్కా కింది భాగంలో ఉన్న మార్కెట్‌లో కూరగాయలు, చేపలు, మేకమాంసం అమ్ముతారు. అయితే అది పొద్దుటి మార్కెట్. ఆదివారం కదా అని ఆలస్యంగా లేచి సాయంత్రం నాలుగింటికి వెళ్తే చాలా బల్లలు ఖాళీగా కడిగేసి ఉంటాయి.

అక్కడ తమిళం వచ్చినవారు ఎక్కువ. తమిళం రాకపోయినా నాలుగు పేర్లు తెలిస్తే బేరం సులువు: ఉల్లిపాయను వెంగాయం అంటారు, కందిపప్పు తువరం పరుప్పు, గోంగూర పుళిచ్చ కీరై. ప్యాకెట్ల మీద మలయ్ మాటలూ కనిపిస్తాయి. బెరాస్ అంటే బియ్యం, గులా అంటే పంచదార, ఆయం అంటే కోడి, ఇకాన్ అంటే చేప. "గారం" అని ఉంటే కారం అనుకునేరు, అది ఉప్పు!

ధర కాదు, కిలో ధర చూడాలి

మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ఈ కింది అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవి మాత్రమే, నిజం ధరలు మీరే చూసుకోవాలి. అర కిలో కందిపప్పు ప్యాకెట్టు 2 డాలర్ల 20 సెంట్లు, కిలో ప్యాకెట్టు 3 డాలర్ల 60 సెంట్లు అనుకుందాం. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాడు 2.20 చూసి చవక అనుకుంటాడు. కాని అతను కిలోకు 4.40 ఇస్తున్నట్టు, అంటే 80 సెంట్లు ఎక్కువ. నెలకు నాలుగు కిలోలు వాడే గదిలో ఒక్క పప్పు మీదే 3 డాలర్ల 20 సెంట్లు తేడా.

మాంసం, చేపల దగ్గర ఇంకో సంగతి. బోర్డు మీద పెద్ద అక్షరాలతో 1.20 అని ఉండి, పక్కన చిన్నగా 100 గ్రాములకు అని ఉంటుంది. అంటే కిలో 12 డాలర్లు. ముసలి వ్యాపారులు కొందరు "కాటి" లెక్క చెబుతారు. ఒక కాటి సుమారు 600 గ్రాములు, కిలో కాదు. కిలో ఎంత అని అడిగి, తూకం వేసేటప్పుడు అంకె చూసి డబ్బులివ్వండి. ఇందులో మొహమాటం ఏమీ లేదు, స్థానికులూ అలాగే అడుగుతారు.

పెద్ద ప్యాకెట్టు ఎప్పుడూ చవక అనీ లేదు. "రెండు కొంటే ఇంత" అని రాసి ఉంటే ఒకటి ఎంతో కూడా చూడండి. సగం పారేసే పాలూ రొట్టే ఎంత చవకైనా నష్టమే. గడువు తేదీ దగ్గరపడ్డ సరుకు తగ్గించి పెడతారు. ఆ రోజే వండేదైతే కొనండి, డార్మిటరీ ఫ్రిజ్‌లో పది మంది సామాన్ల మధ్య పెట్టి మరచిపోయేదైతే వద్దు.

ధరల విషయంలో ఇంకొన్ని: రాసిన ధరలోనే జి.ఎస్.టి. కలిసి ఉండాలి, సూపర్ మార్కెట్ కౌంటరు దగ్గర పైన వేయరు. ఈ పన్ను 2024 జనవరి నుంచి 9 శాతం. 2023 జూలై 3 నుంచి పెద్ద సూపర్ మార్కెట్లు ఒక్కో క్యారీ బ్యాగుకు కనీసం 5 సెంట్లు తీసుకుంటున్నాయి, కాబట్టి సంచీ తీసుకెళ్లండి. వినియోగదారుల సంఘం కేస్ వారు 2019లో "ప్రైస్ కాకి" అనే ఉచిత ఫోన్ యాప్ పెట్టారు, ఏ సూపర్ మార్కెట్‌లో ఏది ఎంతో అందులో పోల్చి చూడవచ్చు. ఇంగ్లీషు చదవగలిగినవారు గదిలో ఒక్కరుంటే చాలు.

బస్సు ఛార్జీ కూడా సరుకు ధరే

రెండు డాలర్లు తగ్గుతుందని నాలుగు డాలర్లు పెట్టి వెళ్లడం ఆదా కాదు. త్వాస్ నుంచో, క్రాంజీ నుంచో లిటిల్ ఇండియాకు వెళ్లి రావడానికి మనిషికి 4 డాలర్లు అనుకోండి. ఒక్కడే వెళ్లి తన ఒక్కడి పప్పు, చింతపండు మీద 3 డాలర్లు తగ్గించుకుంటే డాలరు నష్టం. అదే అయిదుగురు కలిసి వండుకునే గదిలో ఒకరు వెళ్లి అందరి నెల సరుకు మీద 15 డాలర్లు తగ్గిస్తే, ఛార్జీ పోగా 11 మిగులుతాయి. అయిదుగురూ తోడు వెళ్తే ఛార్జీలకే 20. ఆదివారం స్నేహితులను కలవడానికి ఎలాగూ వెళ్లేవారు ఆ ప్రయాణంలోనే పని చూసుకుంటే ఛార్జీ లెక్కే లేదు. బస్సులో నాణేలు వేయకుండా కార్డు నొక్కితే ఛార్జీ తక్కువ, బస్సు మారి 45 నిమిషాల లోపు ఇంకో బస్సో రైలో ఎక్కితే ఒకే ప్రయాణంగా లెక్క కడతారు.

కలిసి వండుకోవడంలోనే అసలు లాభం. బియ్యం 25 కిలోల బస్తా ఒక్కడికి పెట్టుకునే చోటుండదు, పురుగు పడుతుంది. అయిదారుగురికి నెల తిరక్కుండా అయిపోతుంది. అయితే డబ్బుల దగ్గర గొడవలు వచ్చి విడిపోయిన గదులు చాలా. ఒక నోటు పుస్తకం పెట్టి, రసీదులు అందులో అంటించి, జీతం వచ్చిన రోజు అందరి ఎదుట లెక్క చూసుకోండి. మాంసం తిననివారి దగ్గర మాంసం డబ్బులు తీసుకోవద్దు. ఖర్చు పంచుకోవడం వరకు సరే. లాభం వేసుకుని పక్క గదులవారికి క్యారేజీలు అమ్మితే అది వ్యాపారం కిందికి వస్తుంది, వర్క్ పర్మిట్ నిబంధనలు దానికి ఒప్పుకోవు.

ఖాతా పుస్తకం

"జీతం వచ్చాక ఇవ్వు అన్నా" అని అప్పు పెట్టే దుకాణం మంచి దుకాణంలాగే కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవారికి మొదటి నెలలో అది తప్పకపోవచ్చు కూడా. కాని ఖాతా ఉన్నంతకాలం మీరు ఇంకో దుకాణానికి వెళ్లలేరు, ధర అడగలేరు. జీతం వచ్చిన రోజు పాత బాకీ కట్టేసరికి చెయ్యి ఖాళీ, మళ్లీ ఖాతా. దీని నుంచి బయటపడాలంటే ఒక నెల కష్టపడి బాకీ సగం తీర్చి, ఆ నెల బియ్యం, పప్పు, నూనె మాత్రం డబ్బిచ్చి బయట కొనండి. రెండో నెలకు మిగతా సగం తీర్చేయండి. రాసిన ప్రతి పద్దూ మీ ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. బాకీకి హామీగా ఏటీఎం కార్డు, పిన్ నంబరు, వర్క్ పర్మిట్ కార్డు అడిగితే ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వవద్దు.

చిన్న ఖర్చులను తక్కువగా చూడకండి. రోజూ సాయంత్రం ఒకటిన్నర డాలరు పెట్టి కూల్‌డ్రింకు తాగేవారికి 26 పనిదినాలకు 39 డాలర్లు. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన 40 డాలర్లు కొందరికి ఇక్కడే దొరుకుతాయి. నీళ్ల సీసాలు అసలే కొనక్కర్లేదు. సింగపూర్‌లో కుళాయి నీళ్లు కాచకుండానే తాగవచ్చు. సీసాలో నింపుకుని సైటుకు తీసుకెళ్లండి.

చవకగా దొరికినా కొనకూడనివి ఉన్నాయి. డార్మిటరీ వెనుక అమ్మే పన్ను కట్టని సిగరెట్లు కొన్నా నేరమే. ఎగ్గొట్టిన పన్నుకు 40 రెట్ల వరకు జరిమానా, జైలు కూడా ఉండవచ్చు. ఖైనీ, గుట్కా, ఈ-సిగరెట్లు ఇక్కడ నిషేధం. దగ్గర ఉంచుకున్నా తప్పే. లిటిల్ ఇండియాలో శనివారం ఉదయం 7 నుంచి సోమవారం ఉదయం 7 వరకు బహిరంగ స్థలంలో మద్యం తాగకూడదు.

కంపెనీ తిండి తినేవారికి

తిండి డబ్బు జీతంలో కోస్తుంటే మీరు చూడవలసినవి రెండు కాగితాలు. ఒకటి మీరు రాకముందు ఇచ్చిన ఐ.పి.ఎ. ఉత్తరం, రెండోది ప్రతి నెలా వచ్చే జీతం స్లిప్. 2016 ఏప్రిల్ నుంచి వివరాలతో స్లిప్ ఇవ్వడం యజమాని బాధ్యత. కోతలు ఎంత, దేనికి అన్నది అందులో ఉండాలి. వసతి, సౌకర్యాలు, సేవల కింద కోసేది ఆ నెల జీతంలో 25 శాతం దాటకూడదు, చట్టం అనుమతించిన కోతలన్నీ కలిపి సాధారణంగా 50 శాతం దాటకూడదు. క్యాటరింగ్ తిండి పాడైపోయి వస్తోందని మానేసి, మినీమార్ట్‌లో కొనుక్కుంటూ రెండు చోట్లా డబ్బు కట్టేవారు ఉన్నారు. అలా మౌనంగా ఉండవద్దు. తిండి ఎప్పుడు వచ్చింది, ఎలా ఉంది అన్నది ఫోటో తీసి, ముందు సూపర్‌వైజరుకు చెప్పండి. పని జరగకపోతే మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్‌కు 6536 2692 నంబరులో పగలైనా రాత్రైనా ఫోన్ చేయవచ్చు. మానవ వనరుల మంత్రిత్వ శాఖ నంబరు 6438 5122. గ్రేంజ్ రోడ్డులోని మన హైకమిషన్‌కు వచ్చేవారు ఐ.పి.ఎ. ఉత్తరం, గత మూడు నెలల స్లిప్పుల కాపీలు తెచ్చుకోగలరు.