తొంభై అయిదు శాతం గురి, అయినా తప్పిన తూటా

సారపాక నుంచి ఒక ఇంటర్ విద్యార్థి ఉత్తరం రాశాడు. ఎక్స్‌కామ్ 2 ఆడుతున్నాడట. గ్రహాంతర జీవి ఎదురుగానే ఉంది, గురి 95 శాతం అని తెర చెబుతోంది. కాల్చాడు, తప్పింది. సేవ్ చేసిన చోటికి వెళ్లి మళ్లీ కాల్చాడు, మళ్లీ తప్పింది. ఎన్నిసార్లు వెనక్కి వెళ్లినా అంతే. "ఇది మోసం కాదా సార్?" అని అడిగాడు. ఈ నెలకు అనుకున్న వ్యాసం పక్కకు పోయింది.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. జూలియన్ గోలప్ 1994లో మొదలుపెట్టిన ఆటను ఫిరాక్సిస్ సంస్థ 2012లో తిరిగి తెచ్చింది, 2016లో రెండో భాగం వచ్చింది. భూమి గ్రహాంతరవాసుల చేతికి చిక్కి ఇరవై ఏళ్లయింది, మిగిలిన కొద్దిమంది దాక్కుని పోరాడుతున్నారు. ఒక వంతు మీది, ఒక వంతు శత్రువుది. చచ్చిన సైనికుడు తిరిగి రాడు. అందుకే ఒక్క శాతం కూడా అంత బాధపెడుతుంది.

95 శాతం గురితో 20 సార్లు కాలిస్తే ఒక్కటైనా తప్పే అవకాశం నూటికి 64. కాబట్టి తప్పడంలో వింత లేదు. వెనక్కి వెళ్లినా అదే తప్పడంలోనే ఉంది అసలు మజా.

కంప్యూటరుకు పాచికలు వేయడం రాదు, లెక్క చేయడమే వచ్చు. కాగితం తీసుకోండి. ఏదైనా సంఖ్యను 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగించి శేషం రాయండి. ఆ శేషంతో మళ్లీ అదే లెక్క. 5తో మొదలుపెడితే 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4, 7, 6, 1, 8, 11, 10, చివరికి మళ్లీ 5. పదహారు సంఖ్యలూ ఒక్కొక్కసారే వచ్చాయి. ఇప్పుడు శేషం 12 కన్నా తక్కువైతే తూటా తగిలినట్టు అనుకుందాం. పదహారులో పన్నెండు, అంటే కచ్చితంగా 75 శాతం. కానీ మొదటి మూడూ చూడండి: 12, 15, 14. వరసగా మూడు తప్పులు! లెక్కలో వీసమెత్తు మోసం లేదు, అయినా ఆడేవాడు జుట్టు పీక్కుంటాడు.

ఆ మొదటి 5నే ఆటగాళ్లు సీడ్ అంటారు. ఎక్స్‌కామ్‌లో సేవ్ చేస్తే సీడ్ కూడా భద్రమవుతుంది. తిరిగి లోడ్ చేసి అదే పని చేస్తే మళ్లీ అదే 12. బాబూ, నీ తూటా నువ్వు మీట నొక్కకముందే తప్పింది. మార్చాల్సింది వరుస: ముందు ఇంకో సైనికుడితో కాల్పించు, ఆ చెడ్డ సంఖ్య వాడి ఖాతాలో పడుతుంది.

సీడ్ తెలిసినవాడికి అదృష్టంతో పనేముంది? ఈ మాటకు మన దగ్గర పాత కథే ఉంది. మన భద్రాచలం అడవుల్లో తాండ్ర చెట్లున్నాయి, త్రిఫలలో పడే తానికాయ వాటిదే. వేదకాలంలో జూదానికి వాడింది ఆ కాయలనే. భారతంలో ఋతుపర్ణుడనే రాజు రథం మీద పోతూ తాండ్ర కొమ్మల మీది ఆకులూ కాయలూ ఎన్నో చూపుతోనే చెప్పేస్తాడు. జూదంలో రాజ్యం పోగొట్టుకుని, బాహుకుడనే పేరుతో ఆ రథం తోలుతున్న నలుడు నమ్మక, రథం ఆపి లెక్కపెడితే సరిగ్గా సరిపోతాయి. ఆ తర్వాత రాజు నుంచి అతను నేర్చుకున్నది అక్షహృదయం. పాచికల లోపలి లెక్క పట్టుబడ్డాకే పోయిన రాజ్యం చేతికొచ్చింది.

కంప్యూటరుకు పాచికల్లాంటి లెక్క కూర్చడంలో మహామహులే బోల్తాపడ్డారు. ఒక నాలుగంకెల సంఖ్య వర్గం తీసి, నడిమి నాలుగంకెలు తీసుకోమన్నాడు గణితవేత్త వాన్ నాయ్‌మన్. 2500 వర్గం 06250000, దాని నడుమ మళ్లీ 2500! బండి అక్కడే దిగబడిపోతుంది. ఐబీఎం వారి రాండు సూత్రం ఇంకా ఘోరం. 65539తో గుణించి, 2 ఘాతం 31తో భాగించి శేషం తీసుకునేది. శాస్త్రవేత్తలు 1960లలో దాన్ని కళ్లు మూసుకుని వాడారు. ఆ జాతి సూత్రాలన్నిటికీ ఉన్న జబ్బును 1968లో జార్జ్ మార్సాలియా బయటపెట్టాడు. రాండు సంఖ్యలను మూడేసి చొప్పున త్రిమితీయ బిందువులుగా గుర్తిస్తే అన్నీ 15 సమతలాల మీదే పడతాయి. మన బుల్లి లెక్కకూ జబ్బుంది: సరి, బేసి, సరి, బేసి అంటూ ఒక్కసారైనా తప్పకుండా నడుస్తుంది.

ఇక ఆట ఎలా ఉందంటారా? గొప్పగా ఉంది. నాకున్న ఫిర్యాదు ఆ కుర్రాడి ఫిర్యాదుకు సరిగ్గా తలకిందులు. తేలిక స్థాయిల్లో వరసగా గురి తప్పితే ఆట చాటుగా శాతం పెంచుతుంది, తెర మీద మాత్రం పాత అంకెనే చూపిస్తుంది. లెజెండ్ స్థాయిలో ఈ ముద్దు చేయడం లేదు, అందుకే ఆడితే అక్కడే ఆడాలి.

దీనివల్ల ఉపయోగమేమిటని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. మీ ఫోనుకు వచ్చే ఓటీపీని ఇలాంటి సాదా లెక్కతో తయారుచేస్తే తర్వాతి అంకెను దొంగ ముందే చెప్పగలడు, అందుకే అక్కడ చాలా గట్టి పద్ధతులు వాడతారు. అది చాలనుకుంటాను. మిగతావారు కాగితం మీద 5తో గుణించే బదులు 4తో గుణించి చూడండి. కాసేపట్లోనే 15 దగ్గర ఆగిపోయి, ఇక ఏ తూటా తగలదు. ఎందుకో రాసి పంపండి.