సైబర్ టవర్స్ పక్కన హార్డ్‌వేర్ దుకాణం: అబ్బా తర్వాత గల్లా ఎవరిది?

మాదాపూర్, కొండాపూర్, హఫీజ్‌పేట వైపు మెయిన్ రోడ్డు దిగి గల్లీల్లోకి పోతే, అద్దాల బిల్డింగుల వెనక ఇప్పటికీ కుటుంబాలు నడుపుకునే హార్డ్‌వేర్ దుకాణాలు కనిపిస్తాయి. ముందు పీవీసీ పైపులు నిలబెట్టి ఉంటాయి. గల్లా దగ్గర అబ్బా కూర్చుంటే, లోపల కొడుకు స్క్రూలు తూస్తుంటాడు. బోర్డు మీద చాలా చోట్ల ‘అండ్ సన్స్’ అని ఉంటుంది. బోర్డు మీద ఆ మాట రాయడం తేలిక. కాగితాల మీద రాయించడం మాత్రం చాలా మంది మరిచిపోతారు. ఆ లోటు పెద్దాయన కన్నుమూసిన రోజున బయటపడుతుంది.

గడ్డపారల నుంచి గీజర్ల దాకా

1990ల దాకా ఈ ప్రాంతమంతా గుట్టలు, చెరువులు, పొలాల మధ్య ఊర్లే. అప్పటి హార్డ్‌వేర్ దుకాణంలో గడ్డపారలు, పారలు, తట్టలు, తాళ్ళు, మేకులు, గొళ్ళేలు, సున్నం, డబ్బా రంగులు దొరికేవి. ఇంటి పైకప్పుకు సనత్‌నగర్‌లో తయారైన చార్మినార్ సిమెంట్ రేకులు, నేలకు షాబాదు బండలు వేసుకునేవారు. దుకాణదారులు సరుకు కోసం బేగంబజార్‌కో, సికింద్రాబాద్ రాణిగంజ్‌కో పోయేవారు. రాణిగంజ్ హార్డ్‌వేర్ వ్యాపారంలో దావూదీ బోహ్రా కుటుంబాలది పాత పేరు.

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత చుట్టుపక్కల లేఅవుట్లు, అపార్టుమెంట్లు, హాస్టళ్ళు వరసగా లేచాయి. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2019 మార్చిలో మెట్రో హైటెక్ సిటీ దాకా వచ్చింది. పారలు కొనే రైతు గిరాకీ తగ్గి, మేస్త్రీలు, ప్లంబర్లు, హాస్టల్ ఓనర్లు పెరిగారు.

మారనివి కూడా కొన్ని ఉన్నాయి. బిల్లులో కడ్డీ 10 మిల్లీమీటర్లు, 12 మిల్లీమీటర్లు అని పడుతుంది కానీ, మేస్త్రీ నోట మాత్రం ‘3 సూత్, 4 సూత్’ అనే వస్తుంది. ఒక సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఉద్దెర ఖాతా కూడా అలాగే నడుస్తోంది. మేస్త్రీ సరుకు ముందు తీసుకుపోతాడు, ఇంటి ఓనరు డబ్బులిచ్చాక వచ్చి కడతాడు. ఇదంతా నమ్మకం మీద నడిచే వ్యాపారం. ఆ నమ్మకం లెక్క చాలా దుకాణాల్లో పెద్దాయన తలలోనే ఉంటుంది.

ఇద్దరు కొడుకులు, ఒకే దుకాణం

ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్న పరిస్థితి ఇది. ఒక కొడుకు ఇంజినీరింగ్ చదివి ఐటీ కంపెనీలో చేరాడు. ఇంకొకడు ఇంటర్ అయ్యాక అబ్బాతో పాటు షాపులో కూర్చున్నాడు. పదిహేనేళ్ళు జీతం లేకుండా పని చేశాడు. ‘ఎప్పటికైనా షాపు నీదే కదా’ అని ఇంట్లో అందరూ అన్నారు. అబ్బా పోయాక చూస్తే ఆ మాటకు ఎక్కడా రాత లేదు.

ముస్లిం పర్సనల్ లా ప్రకారం తండ్రి బతికున్నంత కాలం ఆయన ఆస్తిలో పిల్లలకు పుట్టుకతో వచ్చే హక్కు ఏదీ లేదు. హిందూ కుటుంబాల్లో ఉండే అవిభక్త కుటుంబం, అంటే హెచ్‌యూఎఫ్ ఏర్పాటు ముస్లింలకు వర్తించదు. తండ్రి చనిపోయిన క్షణం నుంచి వారసులందరికీ ఎవరి వాటా వారికి ఖరారవుతుంది. షాపులో చెమటోడ్చిన కొడుక్కీ, ఐటీ ఉద్యోగం చేసే కొడుక్కీ వాటా సమానమే. పెళ్ళై వేరే ఊరెళ్ళిన కూతురి వాటా కూడా ఎక్కడికీ పోదు.

లెక్క ఎలా వేస్తారు?

ఉదాహరణకు ఒక దుకాణం తీసుకుందాం. సరుకు 34 లక్షలు, వసూలు కావాల్సిన ఉద్దెర 10 లక్షలు, బ్యాంకులో 6 లక్షలు. మొత్తం 50 లక్షలు. ఇందులోంచి ముందు అప్పులు తీర్చాలి. హోల్‌సేలర్లకు ఇవ్వాల్సింది 7 లక్షలు, భార్యకు చెల్లించని మహర్, అంత్యక్రియల ఖర్చు కలిపి 3 లక్షలు అనుకుందాం. మహర్ కూడా అప్పు కిందికే వస్తుంది. మిగిలింది 40 లక్షలు. వసియత్ ఏదైనా ఉంటే దీంట్లో మూడో వంతు మించకూడదు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం మిగతా వారసులు ఒప్పుకోకుండా ఒక వారసుడి పేరున వసియత్ చెల్లదు.

వసియత్ లేదు, తల్లిదండ్రులు ముందే పోయారు, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకుంటే:

భార్యకు 1/8, అంటే 5 లక్షలు. మిగిలిన 35 లక్షలు 5 భాగాలు చేస్తారు. ఒక్కో కొడుక్కి రెండు భాగాల చొప్పున 14 లక్షలు, కూతురికి ఒక భాగం 7 లక్షలు.

లెక్క సూటిగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఆ 40 లక్షలు నోట్ల కట్టల్లో లేవు. పైపుల్లో, కుళాయిల్లో, మేస్త్రీల ఖాతాల్లో ఉన్నాయి. అందరూ ఒకేసారి వాటా అడిగితే దుకాణం మూతపడుతుంది. అడగకుండా వదిలేస్తే, పదేళ్ళ తర్వాత అదే మనస్పర్థలకు మూలమవుతుంది. ‘చెల్లెలు మాఫ్ చేసింది’ అని నోటి మాటతో సరిపెట్టడం న్యాయమూ కాదు, రేపు కోర్టులో నిలబడుతుందనే భరోసా కూడా లేదు.

జీఎస్టీ, బ్యాంకు సంగతి

దుకాణం ఒక్కరి పేరున, అంటే ప్రొప్రైటర్‌షిప్‌గా ఉంటే, ఆయన జీఎస్టీ నంబరు ఆయనతోనే ఆగిపోతుంది. కొడుకు అదే నంబరుతో బిల్లులు కొట్టకూడదు. వ్యాపారం కొనసాగించే వారసుడు కొత్త రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి, పాతదాన్ని రద్దు చేయించాలి. పాత ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను ఐటీసీ-02 ఫారం ద్వారా కొత్త నంబరుకు మార్చుకోవచ్చు. వ్యాపారం కొనసాగిస్తే పాత పన్ను బాకీలు కూడా ఆ వారసుడి మీదే పడతాయి.

బ్యాంకు ఖాతాలో నామినీగా పేరున్నంత మాత్రాన ఆ డబ్బు నామినీది అయిపోదు. బ్యాంకు నుంచి తీసుకుని వారసులకు పంచడం ఆయన బాధ్యత.

ముందే చేసుకోగలిగినవి

మొదటిది, భాగస్వామ్య పత్రం. షాపులో పని చేసే కొడుకును పార్ట్‌నర్‌గా చేర్చి, జీతం, లాభంలో వాటా, పెట్టుబడి ఎంతో రాసుకోవాలి. అలా చేస్తే అతని కష్టం అతని ఖాతాలో పడుతుంది. తండ్రి పేరున ఉన్న భాగం మాత్రమే వారసత్వంగా అందరికీ పంచుతారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఒక పార్ట్‌నర్ చనిపోగానే సంస్థ రద్దవుతుంది. అందుకే ‘మిగతావారు కొనసాగించవచ్చు’ అని పత్రంలో రాయించాలి. ఇద్దరే పార్ట్‌నర్లు ఉంటే ఆ షరతు కూడా పనికిరాదు, ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు కాబట్టి. ముగ్గురుంటే మేలు.

రెండోది, హిబా. తండ్రి బతికుండగా ఇస్తున్నానని చెప్పాలి, తీసుకునేవారు ఒప్పుకోవాలి, వస్తువు చేతికి అప్పగించాలి. మూడూ జరిగితేనే హిబా. కాగితం రాసి తాళాలు తన దగ్గరే పెట్టుకుంటే అది గొడవకు దారి. పిల్లల మధ్య న్యాయం పాటించమని హదీసుల్లో గట్టిగా ఉందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మూడోది, ఉద్దెర రాత. అప్పును రాసుకోమని ఖురాన్‌లోని సూరా బఖరాలో వివరమైన ఆజ్ఞ ఉంది. చట్టం కూడా అదే అడుగుతుంది. అమ్మిన సరుకు బాకీకి మామూలుగా 3 ఏళ్ళలోపే దావా వేయాలి. గడువు దాటకముందే బాకీదారు సంతకంతో ఒప్పుకుంటే ఆ 3 ఏళ్ళు మళ్ళీ మొదలవుతాయి. నెలకోసారి మేస్త్రీతో ఖాతా మీద సంతకం పెట్టించుకోవడం చిన్న పనే.

2018 ఆగస్టులో ఐకియా దేశంలో తన మొదటి స్టోరును ఈ హైటెక్ సిటీలోనే తెరిచింది. ఇంగ్వర్ కాంప్రాడ్ 1943లో స్వీడన్‌లో చిన్న వ్యాపారంగా మొదలుపెట్టిన సంస్థ అది. తన తర్వాత పంపకాల్లో వ్యాపారం ముక్కలు కాకుండా ఆయన తన జీవితకాలంలోనే యాజమాన్యాన్ని ఫౌండేషన్‌కు అప్పగించారు. గల్లీలోని దుకాణానికి ఫౌండేషన్ అక్కర్లేదు. ఒక ఆదివారం అబ్బా, అమ్మీ, కొడుకులు, కూతురు కలిసి కూర్చుని, ఒక సీఏను, ఒక వకీలును, మసాయిల్ తెలిసిన ఆలిమ్‌ను అడిగి నాలుగు కాగితాలు రాసుకుంటే చాలు. పెద్దాయన ఆరోగ్యంగా ఉండగానే ఈ మాట ఎత్తడం బేఅదబీ కాదు. ఆయన కట్టిన దుకాణాన్ని, ఆయన పిల్లల మధ్య మాటను కాపాడుకునే మార్గం అది.