గడియారం చూపే గుండె మండలాలు

నడుస్తున్నప్పుడు, పరుగెత్తుతున్నప్పుడు కొన్ని చేతి గడియారాలు ‘రెండవ మండలం’, ‘నాలుగవ మండలం’ అంటూ గుండె వేగాన్ని సూచిస్తాయి. ఈ మండలాలు ఎలా ఏర్పడ్డాయి? వీటిని ఎంతవరకు నమ్మవచ్చు?

గడియారం అడుగున ఆకుపచ్చని కాంతినిచ్చే చిన్న దీపాలుంటాయి. రక్తం ఈ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ చర్మం కింది నాళాల్లో రక్తం పెరుగుతుంది. తిరిగివచ్చే కాంతి తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను లెక్కిస్తే నాడి తెలుస్తుంది. పట్టీ వదులుగా ఉన్నా, చెయ్యి బాగా ఊగినా లెక్క తప్పవచ్చు.

ఇక మండలాల సంగతి. గుండె గరిష్ఠ వేగాన్ని 220 నుంచి వయస్సును తీసివేసి అంచనా వేయడం వాడుక. ఇరవై ఏళ్ల విద్యార్థికి అది నిమిషానికి 200. సాధారణంగా ఇందులో 50-60 శాతం మొదటి మండలం, 60-70 రెండవది, 70-80 మూడవది, 80-90 నాలుగవది, ఆపైన అయిదవది. కాబట్టి ఈ విద్యార్థికి రెండవ మండలం 120 నుంచి 140 వరకు.

అయితే 1957లో ఫిన్లండ్ శాస్త్రజ్ఞుడు కార్వోనెన్, ఆయన సహచరులు చూపిన మార్గం వేరు. గరిష్ఠ వేగం నుంచి విశ్రాంతి వేగాన్ని తీసివేసి, మిగిలినదానిలో శాతం కట్టి, మళ్లీ విశ్రాంతి వేగాన్ని కలపాలి. మన విద్యార్థి విశ్రాంతి నాడి 70 అనుకుందాం. అప్పుడు 60-70 శాతం అంటే 148 నుంచి 161! అదే గుండె, అదే శాతం. పద్ధతి మారితే అంకె మారింది.

220 సూత్రం కూడా ప్రకృతి నియమం కాదు. 1971లో ఫాక్స్, నాటన్, హాస్కెల్ వేర్వేరు పరిశీలనల అంకెలను కలిపి చూసి వేసిన ఉజ్జాయింపు అది. 2001లో తనాకా బృందం 208 నుంచి వయస్సులో 0.7 వంతు తీసివేయమంది. దీని ప్రకారం ఇరవై ఏళ్లకు 194, అరవై ఏళ్లకు 166. పాత సూత్రమైతే అరవై ఏళ్లకు 160 మాత్రమే. ఏ సూత్రం వాడినా ఒక వ్యక్తి అసలు గరిష్ఠం పదికి పైగా అటూ ఇటూ ఉండవచ్చు.

వాతావరణం ప్రభావమూ ఉంది. రాయపూర్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేళ పండరీ బట్టల బజారు వీధుల్లో వేగంగా నడిస్తే, ఉదయం అదే నడకకు వచ్చిన దానికంటే నాడి ఎక్కువ చూపుతుంది. శరీరాన్ని చల్లబరచడానికి రక్తం చర్మానికి మళ్లుతుంది. చెమటతో నీరు పోతుంది. ఒక్కో స్పందనకు గుండె తోసే రక్తం తగ్గుతుంది కనుక అది ఎక్కువసార్లు కొట్టుకోవాలి. గడియారం మండలం పెరిగిందంటే వ్యాయామం మేలు పెరిగిందని కాదు, వేడి భారం పెరిగిందని అర్థం. అప్పుడు వేగం తగ్గించి, నీడకు చేరి, నీళ్లు తాగాలి.

గడియారం లేనివారికీ ఒక కొలత ఉంది. మాట్లాడగలిగి, పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే తీవ్ర శ్రమ. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం కలిగితే మాత్రం గడియారం ఏ మండలం చూపినా వెంటనే ఆగాలి, వైద్యుని సంప్రదించాలి.