శనికి పట్టిన మంచు

శని పట్టినవాళ్ళను చాలామందిని చూసి ఉంటారు. శనికే మంచు పట్టగా చూశారా? మా డాబా మీద 2023 కార్తీకమాసంలో ఆ ముచ్చటా జరిగింది.

మా అమ్మది మీనరాశి. ఆ యేడే ఏలినాటి శని మొదలయిందని పంచాంగం చూసి దిగులు పెట్టుకుంది. "ఏడున్నరేళ్ళు నా నెత్తిన కూర్చునేవాణ్ణి ఒక్కసారి కళ్ళారా చూపించరా" అన్నది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి దుర్భిణి ఎందుకని నన్ను దెప్పిన మనిషే! నాది 80 మిల్లీమీటర్ల కటకం ఉన్న చిన్న దుర్భిణి. 50 రెట్లు పెంచి చూస్తే శని చుట్టూ వలయం బాగానే తెలుస్తుంది.

మోకాళ్ళ నొప్పులతో మెట్లన్నీ ఎక్కివచ్చి, కన్ను ఆనించి, "పొగ తప్ప ఏమీ లేదురా" అన్నది. చూద్దును కదా, ముందు అద్దం నిండా సన్నని చెమ్మ! కంగారులో కండువాతో తుడిచాను. అరనిముషంలో మళ్ళీ కమ్మింది. పైగా దుమ్ము రాసుకుని అద్దం మీది పూతకు గీత పడింది. "నాకు కనబడడం ఆయనకు ఇష్టం లేదులే" అంటూ అమ్మ దిగిపోయింది. గీత కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు మా కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడితో మొరపెట్టుకున్నాను. "మంచు కురిసిందంటారు మీ కవులు. అది కురవదు మాష్టారూ" అన్నాడాయన. లండనులో వైద్యుడైన విలియం చార్లెస్ వెల్స్ 1814లో అచ్చువేసిన పుస్తకంలో ఈ సంగతి తేల్చాడట. ఒక బల్ల పైన కొంత ఉన్ని, అడుగున అంతే ఉన్ని పెట్టి రాత్రి ఆరుబయట ఉంచితే, పైనున్నదే బాగా తడిసింది. మబ్బులేని ఆకాశానికి ఎదురుగా ఉన్న వస్తువు తన వేడిని పైకి వెదజల్లుకుని, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడిపోతుంది. ఆ చల్లదనం ఒక హద్దు దాటిందా, గాలిలోని ఆవిరి దానిమీద నీరై కూర్చుంటుంది. ఆ హద్దునే తుషారస్థానం అంటారు. పందిరి కింద గడ్డి పొడిగా ఉండేది ఇందుకే. వెనక వరిచేలూ, పక్కన కాలువా ఉన్న మా కోనసీమ ఇంట్లో ఆవిరికి కరువా!

అయితే అద్దానికీ ఒక పందిరి వెయ్యాలన్నమాట. మా అమ్మాయి యోగాసనాలు వేసే పాత చాప కోసి గొట్టంలా చుట్టి, లోపల మెరుపులేని నల్లకాగితం అంటించాను. కటకం వెడల్పుకు రెండింతలు, అంటే 16 సెంటీమీటర్లు, ముందుకు వచ్చేలా తొడిగాను. ఇప్పుడు అద్దానికి ఎదురయ్యే ఆకాశం తగ్గుతుంది, చల్లబడడమూ నెమ్మదిస్తుంది. రేకుతో మాత్రం చెయ్యకండి. రేకు తానే త్వరగా చల్లారిపోతుంది.

గొట్టం ఒక్కటే చాలని రాత్రులూ ఉంటాయి. అలాంటప్పుడు కటకం బిగించిన చోట చుట్టూ, 12 వోల్టుల బ్యాటరీతో వెచ్చబడే పట్టీ కడతారు. గాలికన్నా ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువుంటే చాలు. అతిగా వేడిచేస్తే గాలి కదిలి బొమ్మ వణుకుతుంది. కంటి దగ్గరి అద్దానికి మన ఊపిరే శత్రువు. దాన్ని నేను చొక్కా జేబులో దాచుకుంటాను. అప్పటికీ చెమ్మ పడితే, జుట్టు ఆరబెట్టే యంత్రంతో దూరంనుంచి మెల్లగా గాలి కొట్టాలేగాని గుడ్డ తాకించరాదు. నా గీతే సాక్షి.

నాలుగు రోజుల తరువాత అమ్మను బతిమాలి మళ్ళీ మెట్లెక్కించాను. చాలాసేపు మాట్లాడలేదు.

"నల్లనివాడంటారేమిట్రా? ఇంత అందగాడైతే! నడుముకు వడ్డాణం కూడానూ!" అన్నది చివరికి.

తరువాత, "దిష్టి తగులుతుంది, మూత పెట్టెయ్" అంటూ తానే పెట్టబోయింది. గబుక్కున ఆపాను. తడిమీద మూత పెడితే అద్దానికి బూజు పడుతుంది. దుర్భిణిని కిందికి తెచ్చి, మూతి నేలవైపు వంచి, ఆరేదాకా తెరిచే ఉంచాం. పొద్దున్నే అమ్మే గుర్తుచేసి మూత పెట్టించింది.